ఇంజన్‌బౌలి దగ్గర ఆగిన బండి

భిక్షపతి తన కారు మీద కప్పిన తాటిపత్రి పట్టాను లాగి కింద పడేసిన దగ్గర పోయిన వారం మనం ఆగాం. నెల కింద చెల్లెలు రాజమణి పోయిన నాటి నుంచి, బస్తీవాళ్లు తోసుకొచ్చి ఇంటి ముందు పెట్టిన ఆ బండిని అతను ముట్టుకోలేదు. వాకిట్లో దాని పక్క నుంచి నడిచేటప్పుడు కూడా తల తిప్పుకునే నడిచాడు. తొలి కాన్పుకని చాంద్రాయణగుట్టలోని పుట్టింటికి వచ్చిన రాజమణికి తెల్లవారుతుండగా నొప్పులు మొదలయ్యాయి. అన్న టాక్సీ వాకిట్లోనే ఉందన్న ధైర్యంతో ఇంట్లో ఎవరూ కంగారుపడలేదు. ఫలక్‌నుమా ఎత్తు ఎక్కుతుంటే బండి దగ్గింది. ఇంజన్‌బౌలి దగ్గరికి వచ్చి పూర్తిగా ఆగిపోయింది. ఎంత తిప్పినా మళ్లీ లేవలేదు. రిక్షా దొరకబుచ్చుకుని దవాఖాన చేరేసరికి బాగా పొద్దెక్కింది. ఆడపిల్ల పుట్టింది. తల్లి మాత్రం నెత్తురు ఆగక కన్ను మూసింది.

శవం లేవకముందే రాజమణి భర్త రామ్‌చందర్ బస్తీ అందరి ముందు బావ భిక్షపతి వైపు వేలెత్తి చూపించాడు. పెట్రోలు ధర మండిపోతున్న రోజులు. టాక్సీవాళ్లు కొందరు అందులో గాసునూనె, అంటే కిరోసిన్, కలిపి నడుపుతున్నారన్న మాట అందరూ విన్నదే. "గాసునూనె బండిల నా పెండ్లాన్ని ఎక్కించి చంపిండు" అన్నాడు రామ్‌చందర్. భిక్షపతి ఎన్నడూ కలపలేదు. అయినా ఆ రోజు కాదని ఒక్క మాట అనలేకపోయాడు. ఇప్పుడు ఆ రామ్‌చందర్, పిల్లను తీసుకుపోవడానికి ఈ సాయంత్రం వస్తున్నానని కబురు పంపాడు. జల్‌పల్లిలో ఉండే అతని అక్క లలితమ్మ పెంచుతుందట.

పిల్లకు ఇంకా పేరు పెట్టలేదు. భిక్షపతి భార్య చంద్రమ్మ ఒళ్లో ఏడాది నిండని తన కొడుకు ఉన్నాడు. ఆ కొడుక్కి ఒక రొమ్ము, రాజమణి బిడ్డకు ఒక రొమ్ము ఇచ్చి ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది. లలితమ్మ ఇంట్లో పాలిచ్చే మనిషి లేదు. సీసాపాలు పడక ఆ బస్తీలోనే ఎందరు పసివాళ్లు పోయారో చంద్రమ్మకు తెలుసు.

ఆ మధ్యాహ్నం బాబూమియా రిక్షాలో వచ్చాడు. కాళ్ల దగ్గర ఒక బ్యాటరీ పెట్టుకుని వచ్చాడు. షాలిబండలో ఒకప్పుడు మోటారు షెడ్డు నడిపిన మనిషి. మోకాళ్లు మొరాయించాక ఇంటి పట్టున ఉంటున్నాడు. భిక్షపతి తండ్రి దుర్గయ్య బతికున్న రోజుల నుంచి ఆ ఇంటికి రాకపోకలున్నాయి. వాకిట్లో వేసిన ముక్కాలిపీట మీద కూర్చుని, చాలాసేపు కారు వంక చూశాడు. పాత అంబాసిడర్. దుర్గయ్య కొన్నప్పుడే అది చేతులు మారిన బండి.

"ఇప్పుడు ఇప్పి చూసి ఏం జేస్తవ్ బేటా?" అన్నాడు. "పోయినామె రాదు గద."

"పెట్రోల్ గుంజే పంపు మార్చుమని నువ్వు చెప్పినవ్ చాచా. లోపటి రబ్బరు ముసల్దయింది, ఏదో ఒక రోజు దగా ఇస్తదని చెప్పినవ్. బతుకమ్మ పోనీ, దసరా పోనీ అని నేనే ముందటికి జరిపిన." భిక్షపతి బోనెట్ ఎత్తి కమ్మీ తగిలించాడు. "గా పంపే ఆ పొద్దు ఆగి ఉంటే, నా చెల్లెను నేనే చంపినట్టు. పిల్లను రామ్‌చందర్ చేతుల పెట్టి కాళ్లు మొక్కి పంపిస్త. పంపు గాకపోతే మాత్రం ఇయ్య. నాకు తెల్వాలె. ఆయన వచ్చేలోపల తెల్వాలె."

గుమ్మంలో కూర్చున్న చంద్రమ్మ భర్త ముఖం వంక చూసింది. నెల రోజులుగా అతను రాత్రుళ్లు ఎందుకు లేచి కూర్చుంటున్నాడో ఆమెకు అప్పుడు తెలిసింది. పంపు సంగతి ఆమెతో కూడా ఎన్నడూ అనలేదు. గోడ పక్కన చాట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతున్న భిక్షపతి తల్లి నీలమ్మ మాత్రం తల ఎత్తలేదు.

బాబూమియా చెవి మీది బీడీ తీసి జేబులో పెట్టుకున్నాడు. "షురూ చెయ్యి. ముందుగాల కరెంటు."

బ్యాటరీ మార్చారు. భిక్షపతి ప్లగ్గు వైరు ఊడదీసి, దాని కొసను ఇంజన్ ఒంటికి దగ్గరగా పట్టుకున్నాడు. చంద్రమ్మ చంటివాణ్ణి దించి వచ్చి స్టార్టర్ తిప్పింది. టక్‌టక్‌మని నీలం నిప్పురవ్వ ఎగిరింది.

"కరెంటు సాఫ్. ఇగ పెట్రోల్."

పంపు నుంచి కార్బొరేటర్‌కు పోయే పైపు విప్పి కింద ఒక డబ్బా పెట్టారు. తిప్పితే పెట్రోలు జుర్రుమని చిమ్మింది. పైపు మళ్లీ బిగించి తాళం తిప్పగానే ఇంజన్ మొదటి ఊపుకే అందుకుంది. నెల రోజులు మూలన పడున్న బండి అని ఎవరూ అనుకోరు, అంత నిమ్మళంగా గురగురలాడుతోంది.

ఆ రోజు ఇంజన్‌బౌలి దగ్గర ఈ చప్పుడు కోసమే తాళం తిప్పీ తిప్పీ భిక్షపతి బొటనవేలు వాచిపోయింది. వెనక సీట్లో రాజమణి "అన్నా, అయితున్నదా?" అని అడుగుతూనే ఉంది. కాసేపటికి అడగడం మానేసింది.

"ఇట్ల నడిచేది గప్పుడెందుకు సచ్చింది చాచా?"

"ఖాళీగ నిలబడ్డప్పుడు దానికి గుక్కెడు చాలు. ఎత్తు ఎక్కాలంటే కడుపు నిండ తాగాలె. గుక్కెడు ఇచ్చుడు కాదు, కడుపు నిండ ఇస్తదా లేదా చూడాలె. లోపట కూసోని ఎక్సలేటర్ తొక్కిపట్టు. నేను చాలనేదాంక వదలకు."

భిక్షపతి కూర్చుని తొక్కాడు. బండి అరుపుకు ఇంట్లో పిల్లలిద్దరూ ఉలిక్కిపడి ఏడుపు లంకించుకున్నారు. వాకిలి నిండా పొగ కమ్మింది. బాబూమియా ఇంజన్ మీదికి వంగి చెయ్యి ఊపుతూ "ఇంక, ఇంక" అంటున్నాడు. ఇంతలో బండి ఒకసారి దగ్గింది. మళ్లీ అందుకుంది. ఇంకోసారి గట్టిగా దగ్గి, ఒళ్లంతా కుదుపుకుని ఆగిపోయింది.

అదే దగ్గు. ఫలక్‌నుమా ఎత్తు మీద విన్నదే.

"పైపు ఇప్పు, జల్దీ" అన్నాడు బాబూమియా.

విప్పి తిప్పితే చుక్క రాలేదు. పైపు నోట రెండు బుడగలు వచ్చి పగిలాయి, అంతే. భిక్షపతి చేతిలోని పానా జారి కింద పడింది. తీసుకోవడానికి వంగలేదు కూడా.

"పంపే గదా" అన్నాడు మెల్లగా.

"ఆగు. నీకు నువ్వే ఫైసలా చెప్పుకోకు." ముసలాయన కాసేపు బండిని అలాగే వదిలేయమన్నాడు. చంద్రమ్మ ఇచ్చిన నీళ్లు తాగాడు. తర్వాత మళ్లీ తిప్పమంటే పెట్రోలు మునుపటిలాగే చిమ్మింది. "చూసినవా? పంపు చెడిపోతే చెడిపోయినట్టే ఉంటది. జర ఆరాం తీసుకోని మళ్ల బాగు గాదు. ఏదో అడ్డమొస్తున్నది, మళ్ల తొలిగిపోతున్నది. ఆ పొద్దు నువ్వు ఆగకుంట తిప్పుతనే ఉంటివి, గందుకే తొలగలే. అయినా నీ దిల్‌ల డౌటు ఉండొద్దు. డబ్బాల పెట్రోల్ ఉన్నది గదా, రబ్బర్ పైపు ఒకటి తే."

టాంకి నుంచి పంపుకు వచ్చే పైపును ఊడదీసి పక్కకు వంచారు. దాని బదులు రబ్బరు పైపు తగిలించి, రెండో కొసను డబ్బాలోని పెట్రోల్లో ముంచారు. ఇప్పుడు ఇంజన్‌కు టాంకితో పని లేదు. ఉన్నదల్లా డబ్బా, పంపు. భిక్షపతి మళ్లీ కూర్చుని, కళ్లు మూసుకుని తొక్కాడు. బండి అరుస్తూనే ఉంది. దగ్గలేదు. కాలు నొప్పి పుట్టింది, అయినా దగ్గలేదు. డబ్బా ఖాళీ కావస్తుంటే బాబూమియా లోపలికి చెయ్యి పెట్టి తాళం కట్టేశాడు.

"నీ పంపు బేకసూర్ బేటా, దాని తప్పు లేదు. ఎంత ముసల్దయినా తన పని తను చేసింది."

భిక్షపతి స్టీరింగ్ మీద తల ఆన్చి అలాగే ఉండిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. చంద్రమ్మ దగ్గరికి రాబోయి ఆగింది. నెల రోజులుగా లోపల గడ్డకట్టింది కరుగుతుంటే మనిషిని కదిలించకూడదనిపించింది ఆమెకు. గోడ పక్క నీలమ్మ చాటలో వేళ్లు ఆడిస్తూనే ఉంది గానీ రాళ్లు ఏరడం లేదు.

ఇక మిగిలింది టాంకి. విప్పిన పైపు కొస నోట పెట్టుకుని పీల్చమన్నాడు బాబూమియా. భిక్షపతి పీల్చాడు. పెట్రోలు నోట్లోకి రాగానే ఉమ్మేసి మళ్లీ గట్టిగా పీల్చాడు. ఈసారి ఏమీ రాలేదు. పైపు పెదవులను పట్టుకుని వదల్లేదు. బలంగా లోపలికి ఊదితే ఎక్కడో టాంకిలో గుడగుడమని దారి వదిలింది.

"లోపట ఏదో ఉన్నది" అన్నాడు బాబూమియా. "మట్టి కాదు, తుప్పు కాదు. పీలిస్తే వచ్చి నోరు మూస్తున్నది, ఇడిస్తే జరుగుతున్నది. మెత్తటిదేదో."

డిక్కీలో పరిచిన పాత బొంత తీసి, టాంకి మీది గుండ్రటి రేకు మూతను విప్పారు. ముసలాయన కట్టెపుల్లంత తీగను కొసన కొక్కెంలా వంచి ఇచ్చాడు. భిక్షపతి లోపల కలియబెట్టి పైకి లాగితే మొదట ఉత్తదే వచ్చింది. ఇంకోసారి లోతుగా దింపి మెల్లగా తిప్పాడు. బరువుగా ఏదో పట్టుకుంది. పెట్రోలు ఓడుతూ ఒక గుడ్డముక్క పైకి వచ్చింది.

జానెడు వెడల్పు, మూరెడు పొడుగు. ఆకుపచ్చటిది. ఒక అంచున ఎర్ర గీత.

భిక్షపతి దాన్ని రేకు మూత మీద పరిచి, తల ఎత్తి చూశాడు. వాకిట్లో కట్టిన తీగ మీద పిల్లల గుడ్డలు ఆరేసి ఉన్నాయి. వాటిలో సగం ఆకుపచ్చటివి. ఎర్ర గీత అంచువి. పుట్టబోయే మనవరాలికో మనవడికో అని నీలమ్మ తన పాత చీరను చింపి, ఉడకబెట్టి ఉతికి, మడతలు పెట్టి దాచిన పొత్తిగుడ్డలవి.

అతను భార్య వంక చూశాడు. చంద్రమ్మ అడగకముందే తల అడ్డంగా ఊపింది. "ఆ గుడ్డలు కాన్పు దాంక అత్తమ్మ పెట్టెలనే ఉండె. తాళం ఆమె కొంగునే. నేను ముట్టలే."

బాబూమియా మెల్లగా లేచి నిలబడ్డాడు. "గల్లీ మొగదాంక పోయి బీడీ తాగొస్త. ఈడ పెట్రోల్ వాసన" అని కర్ర తీసుకుని బయటికి నడిచాడు.

భిక్షపతి గుడ్డ పరిచిన రేకు మూతను పట్టుకెళ్లి తల్లి ముందర గొంతుక్కూర్చున్నాడు. చేతులు పెట్రోలు కంపు కొడుతున్నాయి.

"అవ్వా. గిది టాంకిలకు ఎట్ల వోయింది?"

నీలమ్మ చాట పక్కన పెట్టింది. గుడ్డ వంక చూసింది.

"టాంకిల దొరికిందా?" అంది.

"నీ ముంగటనే గద తీసిన."

"లోపట పడ్డదా? నిజంగ లోపట్నే పడ్డదా కొడుకా?"

"అవ్వా, ఎవరికిచ్చినవ్?"

ఆమె పెదవులు తడారిపోయాయి. కొంగుతో తుడుచుకుంది. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం ఆగలేదు. ఎవరైనా వచ్చి అడుగుతారేమో అని ఇన్నాళ్లూ ఎదురు చూసినట్టుగా చెప్పింది.

"పిల్లకు నొప్పులొచ్చే ముందటి దినం పొద్దుగాలనే అల్లుడు వచ్చిండు గద, చూసిపోనీకి. మళ్ల పోదామంటే స్కూటర్ల పెట్రోల్ లేదు. మలక్‌పేట దాంక వోవాలె, పనికి ఆలిశం అయితదన్నడు. నువ్వు ఆ దినం బండి తీయలే, బావి కాడ తానం జేస్తున్నవ్. బావనడుగు, ఇస్తడు అన్న. వద్దు అత్తమ్మా, ఇంతకు గతి లేదా అనుకుంటడు, నువ్వు గూడ చెప్పకు అన్నడు. రెండు రబ్బర్ పైపులు టాంకిల పెట్టి ఒకదాంట్ల ఊదాలంటే చుట్టూత సందు మూయాలె, ఒక గుడ్డముక్క ఇయ్యిమన్నడు. పెట్టె తీసే ఉండె. చేతికందింది ఇచ్చిన."

"గుడ్డ మళ్ల ఇచ్చిండా?"

"నేను అడగలే. పీలిక గుడ్డ, ఏం అడుగుత? స్కూటర్ ఎక్కి ఎల్లిపోయిండు."

"నెల దినాల సంది నన్ను ఖూనీకోరు అన్నరు. ఇన్నవ్ గద."

"ఇన్న. పెట్రోల్ తక్కువై ఆగిందేమో అని నా పానం కొట్టుకున్నది. నిన్ను అడిగిన, యాదున్నదా? టాంకిల ఎంత ఉండె అని. మస్తుగున్నది అవ్వా, పెట్రోల్ తోని కాదు అన్నవ్. అయితే అల్లుని తోని కాలేదని నిమ్మలపడ్డ. ఇగ ఆ ముచ్చట ఎందుకు తీయాలె, అల్లుని ఇజ్జత్ ఎందుకు తీయాలె అనుకున్న. గుడ్డ సంగతి నాకు మతికే రాలే. నీ మీద ఒట్టు కొడుకా. నేనిచ్చిన గుడ్డ నా బిడ్డను..."

మాట పూర్తి చేయలేదు. నేల మీద చేతులు ఆనించి ముందుకు వంగింది. ఏడుపు రాలేదు, గొంతులోంచి బొంగురుగా ఏదో చప్పుడు మాత్రం వచ్చింది. చంద్రమ్మ పరుగున వచ్చి ఆమె వీపు నిమిరింది.

భిక్షపతి లేచాడు. అతని ముఖంలో దుఃఖం లేదు. అది చూసి చంద్రమ్మకు భయమేసింది.

"రానీ" అన్నాడు. "బస్తీ అందరి ముంగట అన్నడు గద. బస్తీ అందరినీ పిలుస్త. ఈ గుడ్డ చూపిస్త. పిల్లను ముట్టుకోనియ్య."

నీలమ్మ తల ఎత్తింది. "చెప్పకు."

"ఏంది?"

"చెప్పకు కొడుకా. పిల్లకు తల్లి లేదు. నీ తల్లిని నీ నాయినే చంపిండని రేపు ఎవరో ఒకరు దానికి చెప్తరు. బస్తీల ఎవని నోరు మూస్తవ్? తల్లి లేని పిల్లను తండ్రి గూడ లేకుంట చేస్తవా?"

"నేను ఖూనీకోరునైనా పర్వాలేదా నీకు?"

"నువ్వు నా కడుపుల పుట్టినోనివి. నీకు నేనున్న, నీ పెండ్లమున్నది. అది ఒక్కతి."

"కావాలని చేసిండని నేను అంటలేను అవ్వా. తెల్వక చేసిండనే చెప్త. కానీ చెప్త. నేను ఎంత నిద్ర పోలేదో నీకు తెల్వదు."

వాకిలి బయట ఆటో ఆగింది.

రామ్‌చందర్ ముందు దిగాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు గానీ గడ్డం పెరిగి ఉంది. మనిషి సగానికి చిక్కాడు. వెనక అక్క లలితమ్మ, చేతిలో కొత్త పాలసీసా, చిన్న దుప్పటి. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఎదురింటి సుందరమ్మ అయితే ఏకంగా వాకిట్లోకే వచ్చింది. గల్లీ చివరి నుంచి బాబూమియా కూడా కర్ర ఊనుకుంటూ తిరిగి వస్తున్నాడు.

రామ్‌చందర్ ఎత్తి ఉన్న బోనెట్ చూశాడు. తెరిచి ఉన్న డిక్కీ చూశాడు.

"ఏంది బావా, అమ్మనీకి సాఫ్ చేస్తున్నవా? దాన్ని కొనేటోనికి జెప్పు, ఎవర్ని చంపిందో."

"అమ్ముతలేను" అన్నాడు భిక్షపతి. "ఎందుకాగిందో చూస్తున్నం. దొరికింది."

"గాసునూనె దొరికిందా?"

"గుడ్డ దొరికింది. టాంకిల." భిక్షపతి రేకు మూతను పైకెత్తి చూపించాడు. "ఎత్తు మీద పెట్రోల్ గుంజుతుంటే ఇది వచ్చి పైపు నోరు మూసింది."

సుందరమ్మ మెడ చాచి చూసింది. లలితమ్మ రెండడుగులు ముందుకు వేసి చూసింది. గుమ్మాల్లో ఉన్న ఆడవాళ్లు, బాబూమియా, అందరి కళ్లూ ఆ ఆకుపచ్చ గుడ్డ మీదే ఉన్నాయి. రామ్‌చందర్ మాత్రం చూడలేదు. అతని చూపు భిక్షపతి భుజం మీదుగా గోడ మీద ఎక్కడో నిలిచింది. ఒక్కసారి కూడా కిందికి దిగలేదు.

ఏం గుడ్డ అని అడగలేదు. అది టాంకిలోకి ఎలా పోయిందని అడగలేదు.

భిక్షపతికి అప్పుడు అర్థమైంది. తెలియక చేశాడనే అతను అనుకున్నాడు. తల్లితో కూడా అదే మాట అన్నాడు. కానీ ఈ మనిషికి తెలుసు. ఆ పొద్దున పైపు లాగుతుంటే గుడ్డ లోపలికి జారడం చూశాడు. చూసి, ఒక పీలికే కదా అని స్కూటరెక్కి వెళ్లిపోయాడు. ఇంజన్‌బౌలి దగ్గర బండి ఆగిందని విన్న క్షణం నుంచి అతనికి తెలుసు. శవం పక్కన నిలబడి వేలు చూపించినప్పుడూ తెలుసు.

"రామ్‌చందర్" అన్నాడు. "ఇటు చూడు. నా మొఖం కాదు, దీన్ని చూడు."

రామ్‌చందర్ చూపు తిప్పలేదు.

"ఎవరిదో చెప్పాల్నా, నువ్వే చెప్తవా?"

"నేను చెప్త."

వెనక నుంచి వచ్చిన మాట అది. నీలమ్మ గోడ పట్టుకుని లేచింది. కొంగు నిండుగా కప్పుకుని, తడబడకుండా నడిచి వచ్చి, కొడుక్కీ అల్లుడికీ మధ్య నిలబడింది.

"గుడ్డ నాది. టాంకి మూత వదులైంది. ముందటి రాత్రి ముసురు పట్టింది, వాన నీళ్లు లోపటికి వోతయేమోనని నేనే కుక్కిన. అది జారి లోపట పడ్డది. నా కొడుకుకు చెప్పుడు మర్చిపోయిన." ఆమె అందరి వైపూ తిరిగింది. "బండిల తప్పు లేదు. నా కొడుకు తప్పు లేదు. గాసునూనె లేదు, ఏం లేదు. నా బిడ్డను నేనే చంపుకున్న. అందరు ఇనుర్రి."

సుందరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బాబూమియా కర్ర మీద రెండు చేతులూ ఆన్చి తల దించుకున్నాడు. ఆ ముసలాయనకు మూత సంగతి తెలుసు. ఇందాక భిక్షపతి విప్పింది లోపలి రేకు మూత. బయట పెట్రోలు పోసే మూత బిరుసుగా, గట్టిగా బిగిసి ఉంది.

"అవ్వా" అన్నాడు భిక్షపతి.

"నువ్వు ఊకో."

ఆమె అల్లుడి వైపు తిరిగి, కళ్లలోకి చూసింది. ఆ చూపులో వేడుకోలు లేదు, కోపం లేదు. నేను నీకు ఇవ్వగలిగింది ఇచ్చేశాను, ఇక నువ్వు మనిషివో కాదో నువ్వే తేల్చుకో అన్నట్టుంది. రామ్‌చందర్ ఆ చూపు ముందు నిలవలేకపోయాడు. మొదటిసారి అతని తల కిందికి వాలింది. రేకు మూత మీద తడిసి పడి ఉన్న గుడ్డ అతని కళ్లకు తగిలింది. ఏదో చెప్పబోతున్నట్టు నోరు తెరిచాడు.

అతను నిజం చెప్పేస్తాడని ఆ క్షణాన భిక్షపతి నమ్మాడు. లలితమ్మ కూడా తమ్ముడి ముఖం చూసి "ఏందిరా?" అంది చిన్నగా.

రామ్‌చందర్ ముఖం తుడుచుకున్నాడు. తల ఎత్తినప్పుడు అతని కళ్లు మళ్లీ గోడ మీదికే వెళ్లాయి.

"ఇన్నవ్ గద బావా" అన్నాడు. "మీ అవ్వనే చెప్తున్నది. కన్నబిడ్డను పొట్టన పెట్టుకున్న ఇంట్ల నా పిల్ల ఒక్క దినం గూడ ఉండొద్దు. అక్కా, లోపటికి పోయి ఎత్తుకోని రా."

నీలమ్మ నిలబడ్డచోటే కుంగిపోయింది. భిక్షపతి ఆమెను పట్టుకోబోయి రేకు మూత చేజార్చాడు. లలితమ్మ సీసా సర్దుకుని, దుప్పటి భుజాన వేసుకుని గుమ్మం వైపు నడిచింది.

గుమ్మంలో చంద్రమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు లోపలికి వెళ్లి వచ్చిందో, ఒక చంకన కొడుకు, ఒక చేతి మీద రాజమణి బిడ్డ. బిడ్డ ఆమె రొమ్ము అందుకుని తాగుతోంది. తల్లికీ కొడుక్కీ మధ్య జరిగిన ప్రతి మాటా ఆమె విన్నది. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి అత్త మాటకు ఎదురు చెప్పి ఎరగదు.

"పిల్లనియ్యి వదినా" అంది లలితమ్మ చేతులు చాచి.

చంద్రమ్మ ఆమెను చూడలేదు. రామ్‌చందర్‌ను చూసింది.

"ఆ గుడ్డ ఎవరు అడుక్కున్నరో, ఎందుకు అడుక్కున్నరో మీ అక్కకు చెప్పు" అంది. "చెప్పినంక వచ్చి తలుపు కొట్టు."

వెనక్కి ఒక్క అడుగు వేసింది. తలుపు మూసుకుంది. లోపల గొళ్లెం పడిన చప్పుడు వాకిట్లో నిలబడ్డ అందరికీ వినిపించింది.

లలితమ్మ చాచిన చేతులు దించకుండానే తమ్ముడి వైపు తిరిగింది.